ఫోన్ టికెట్‌తో మొదలై డ్రగ్స్ కేసు దాకా పోయింది, జార్జియా వాళ్ళు కాస్త చెప్పండి

సువానీ_సీను (జార్జియా)
అందరికీ నమస్తే. ఆరేళ్ళుగా ఇక్కడ చదవడమే కానీ రాసింది లేదు, ఇప్పుడు అవసరం పడి రాస్తున్నా. మా పిన్ని కొడుకు ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద వచ్చి ఎమ్మెస్ చేస్తున్నాడు, రెండో సెమిస్టర్. పోయిన శనివారం రాత్రి ఫ్రెండ్‌ని ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకుని వస్తున్నాడు, ఐ-85 హైవే దిగాక రెడ్ లైట్ దగ్గర ఆగి ఫోన్ చేతిలో పట్టుకుని మ్యాప్ చూస్తున్నాడంట, పక్క లేన్‌లో కాప్ ఉన్నాడని చూసుకోలేదు. లైట్లు వేసి పక్కకి ఆపించాడు. అద్దం దించగానే కారులో గంజాయి వాసన వస్తోంది అన్నాడంట. వెనక కూర్చున్న ఫ్రెండ్ డెన్వర్ నుంచి దిగాడు, వాడి బ్యాగులో ఆరు చిన్న జిప్‌లాక్ కవర్లలో గంజాయి, మొత్తం కలిపితే 20 గ్రాములు కూడా ఉండదంట. కారులో ఉన్న ముగ్గుర్నీ తీసుకెళ్ళారు, తెల్లారాక బెయిల్ బాండ్ మీద బయటికి తెచ్చాం. పేపర్ మీద "ఇంటెంట్ టు డిస్ట్రిబ్యూట్", అంటే అమ్మే లేదా పంచే ఉద్దేశంతో పెట్టుకున్నారు అని ఉంది. ఇంటి దగ్గర వాట్సాప్‌లో అప్పుడే "అమెరికాలో డ్రగ్ ట్రాఫికింగ్ కేసు" అయిపోయింది, పిన్ని రెండు రోజులుగా అన్నం ముట్టట్లేదు. వీడు సిగరెట్ కూడా తాగడు, ఒట్టేసి చెప్తా. ఫోన్ టికెట్ సంగతేంటి, ఇది నిజంగా ట్రాఫికింగేనా, వీసా ఏమవుద్ది, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఎడిసన్_ఏడుకొండలు (న్యూజెర్సీ)
రెడ్ లైట్ దగ్గర బండి ఆగి ఉంటే ఫోన్ చూసుకోవచ్చు కదా బ్రో?? అది కూడా తప్పేనా మీ దగ్గర

కమ్మింగ్_కాకా (జార్జియా)
తప్పే తమ్ముడు. 2018 జులై 1 నుంచి ఇక్కడ హ్యాండ్స్ ఫ్రీ చట్టం ఉంది. ఫోన్ చేత్తో పట్టుకోకూడదు, ఒళ్ళో పెట్టుకోకూడదు, భుజానికి చెవికి మధ్య ఇరికించుకోకూడదు, శరీరంలో ఏ భాగంతో ఆన్చినా టికెట్టే. సిగ్నల్ దగ్గర ఆగినా రోడ్డు మీద ఉన్నట్టే లెక్క, పార్కింగ్‌లో పెట్టి చూసుకుంటే వేరే సంగతి. మ్యాప్ వాడుకోవచ్చు కానీ స్టాండ్‌లో ఉండాలి. మొదటిసారి 50 డాలర్లు, లైసెన్స్ మీద ఒక పాయింట్, రెండోసారి 100 రెండు పాయింట్లు, ఆ పైన 150 మూడు పాయింట్లు. సీనూ, నీకో మంచి మాట, మొదటిసారి అయితే హ్యాండ్స్ ఫ్రీ పరికరం కొన్న రశీదు కోర్టులో చూపిస్తే ఆ టికెట్ కొట్టేస్తారు. రశీదు జాగ్రత్త. అసలు కథ టికెట్‌ది కాదనుకో.

నేపర్‌విల్_నాని (ఇల్లినాయ్)
మా దగ్గర 2024 జనవరి నుంచి డ్రైవింగ్‌లో జూమ్ మీటింగ్ కూడా బ్యాన్. పొద్దున స్టాండప్ కాల్ కారులోంచి వీడియోతో చేసేవాళ్ళం కదా, ఇప్పుడు మా మేనేజరే "డ్రైవింగా? పెట్టెయ్ ఫోన్" అంటున్నాడు. చట్టం ఎవరి కోసం రాశారో కానీ మా టీమ్ కోసమే రాసినట్టుంది 😀

లా_ఆఫీసు_లక్ష్మి (అట్లాంటా)
సీను గారూ, నేను లాయర్ని కాదు, క్రిమినల్ డిఫెన్స్ ఆఫీసులో పారాలీగల్‌గా, అంటే లాయర్లకి సహాయకురాలిగా తొమ్మిదేళ్ళుగా చేస్తున్నా, కాబట్టి దీన్ని సలహాగా కాకుండా లాయర్‌ని ఏం అడగాలో తెలుసుకోవడానికి చదవండి.

ముందు ఆ ట్రాఫికింగ్ అన్న మాట. మనవాళ్ళకి ట్రాఫికింగ్ అంటే సినిమాలో లారీ, గోడౌన్, తుపాకులు. జార్జియా లాంటి రాష్ట్రాల చట్టాల్లో అది తూకం మాట. అమ్మావా లేదా అని కాదు, ఎంత బరువు దొరికింది అని. జార్జియాలో గంజాయి 10 పౌండ్లు దాటితేనే ట్రాఫికింగ్, అప్పుడు కనీసం అయిదేళ్ళు, లక్ష డాలర్ల ఫైన్. కొకైన్ అయితే 28 గ్రాములకే ట్రాఫికింగ్, కనీసం పదేళ్ళు, రెండు లక్షల ఫైన్. మీ తమ్ముడి కేసులో 20 గ్రాములు కాబట్టి ఆ సెక్షన్ దరిదాపుల్లో కూడా లేదు. పిన్ని గారికి ముందు ఈ ముక్క చెప్పి అన్నం తినమనండి.

అలాగని తేలిగ్గా తీసుకోకండి. ఒక ఔన్స్ లోపు, అంటే 28 గ్రాముల లోపు వాడుకోవడానికి దగ్గర పెట్టుకుంటే అది మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరం, ఎక్కువలో ఎక్కువ ఏడాది జైలు, వెయ్యి డాలర్లు. కానీ ఆరు కవర్లు విడివిడిగా కట్టి ఉన్నాయి చూశారా, ఆ కట్టడం చూసే ఇంటెంట్ టు డిస్ట్రిబ్యూట్ పెట్టారు. అది ఫెలనీ, అంటే పెద్ద నేరం, ఏడాది నుంచి పదేళ్ళు. అదే 20 గ్రాములు ఒకే కవర్లో ఉంటే చాలావరకు మిస్‌డిమీనర్‌తో పోయేది. బరువు అదే, కవర్ల లెక్క మారింది అంతే.

ఫ్రిస్కో_ఫణి (టెక్సస్)
బాబోయ్. ఆరుగురు ఫ్రెండ్స్‌కి తెచ్చి ఉంటాడు, జెల్లే యాప్‌లో తలా 40 డాలర్లు వేసి ఉంటారు. మన పోరగాళ్ళకి ఇదంతా షేరింగ్, పోలీసులకి సేల్.

సువానీ_సీను
ఫణి బ్రో అచ్చం అదే. ఎవడికి ఎంత అని ఫోన్‌లో లిస్ట్ కూడా ఉందంట వాడి దగ్గర. ఫోన్లు మూడూ పోలీసుల దగ్గరే ఉన్నాయి.

లా_ఆఫీసు_లక్ష్మి
పాస్‌వర్డ్ ఇచ్చారా? ఇవ్వకపోతే ఇవ్వొద్దు, లాయర్‌తో మాట్లాడేదాకా. అరెస్ట్ చేశాం కదా అని ఫోన్ తెరిచి చూసే హక్కు పోలీసులకి లేదు, వారంట్ కావాలి. 2014లో రైలీ కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలూ ఒకే మాట చెప్పారు. వారంట్ తెచ్చుకుంటే చూడొచ్చు, అది వేరే.

వియ్యపు_వెంకట్రావు (ఒహైయో)
చదువుకోమని తల్లిదండ్రులు పొలాలు తాకట్టు పెట్టి పంపిస్తే ఇక్కడ వీళ్ళు చేసేది ఇదా. మా రోజుల్లో ఇలాంటివి ఎరగం. ఒకటే చెప్తున్నా, పోలీసుల దగ్గర దాచకుండా ఉన్నది ఉన్నట్టు అంతా చెప్పేస్తే వాళ్ళే వదిలేస్తారు, నిజం చెప్పినవాడికి భయం ఎందుకు.

లా_ఆఫీసు_లక్ష్మి
వెంకట్రావు గారూ, పెద్దవారు, కోపం అర్థమవుతుంది, కానీ దయచేసి ఈ సలహా మాత్రం ఎవరికీ ఇవ్వకండి. మా ఆఫీసుకి వచ్చే కేసుల్లో సగం "నేను అంతా చెప్పేశాను మేడమ్" అనే వాక్యంతోనే మొదలవుతాయి. పేరు, లైసెన్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఇవ్వాలి. "ఇది ఎవరిది, నీకు తెలుసా, నువ్వెప్పుడైనా తాగావా" అన్న ప్రశ్నలకి లాయర్ కావాలి అని మర్యాదగా అనడమే. మీ తమ్ముడు "వాడు తెస్తున్నాడని నాకు తెలుసు కానీ నేను ముట్టుకోలేదు" అని ఉంటే, వాడి దృష్టిలో అది నిజాయితీ, కేసులో అది ఒప్పుకోలు.

కమ్మింగ్_కాకా
సీనూ, మీవాడు ఏమన్నాడో కనుక్కున్నావా?

సువానీ_సీను
కనుక్కున్నా కాకా. "అది నాది కాదు" అని మాత్రం అన్నాడంట. తర్వాత భయంతో నోరు పెగల్లేదంట. ఆ భయమే మంచిదయింది అన్నమాట.

కొలంబస్_కీర్తి (ఒహైయో)
నాకో డౌట్. బ్యాగ్ వెనక ఉన్నోడిది, కారు నడిపినోడికి సంబంధం ఏముంది? ముగ్గుర్నీ ఎట్లా తీసుకుపోతారు, ఇదేం న్యాయం.

లా_ఆఫీసు_లక్ష్మి
కీర్తి గారూ, దీని మీదే మేరీల్యాండ్ వర్సెస్ ప్రింగిల్ అని 2003 కేసు ఉంది. ముగ్గురు కారులో వెళ్తుంటే స్పీడింగ్‌కి ఆపారు, వెనక సీటు ఆర్మ్‌రెస్ట్ వెనక కొకైన్ దొరికింది, ఎవడూ నాది అనలేదు, ముగ్గుర్నీ అరెస్ట్ చేశారు. అరెస్ట్ చేయడం సబబే అంది సుప్రీంకోర్టు. అరెస్ట్ వేరు, నేరం రుజువు కావడం వేరు అనుకోండి. వాడికి తెలుసని, ఆ సరుకు మీద వాడికి అదుపు ఉందని ప్రాసిక్యూటర్ చూపించాలి. ఇక్కడ బ్యాగ్ మీద ఫ్రెండ్ పేరుతో ఎయిర్‌లైన్ ట్యాగ్ ఉండుంటే మీ తమ్ముడికి అది బంగారం. ట్యాగ్ ఫోటో ఉందేమో చూడమనండి.

హైవే_హరి (కాలిఫోర్నియా)
ట్రక్ తోలతాను నేను, పదకొండేళ్ళుగా. తెలుగోడు ట్రక్ తోలడమేంటి అని అడగొద్దు, లే ఆఫ్ అయ్యాక ఇదే బాగుంది. మాకు ఫోన్ ముట్టుకుంటే రాష్ట్రం రూల్‌తో పాటు ఫెడరల్ (కేంద్ర) రూల్ ఉంది, డ్రైవర్‌కి 2,750 డాలర్ల దాకా, కంపెనీకి 11,000 దాకా, మూడేళ్ళలో రెండుసార్లు దొరికితే రెండు నెలలు ఇంట్లో కూర్చోవాలి. అది అటుంచండి, నేను చెప్పొచ్చింది పడియా కథ. హొండురాస్‌లో పుట్టినాయన, గ్రీన్ కార్డ్ మీద నలభై ఏళ్ళ పైన ఇక్కడే ఉన్నాడు, వియత్నాం యుద్ధంలో అమెరికా తరఫున పనిచేశాడు. కెంటకీలో ఆయన ట్రక్కులో గంజాయి దొరికింది. లాయర్ ఏమన్నాడో తెలుసా, ఇన్నేళ్ళుగా ఉన్నావు కదా వీసా గురించి దిగులు పడకు, ఒప్పేసుకో అన్నాడు. ఒప్పుకున్నాడు, డిపోర్టేషన్ మొదలైంది. 2010లో సుప్రీంకోర్టు, దేశం నుంచి పంపించేస్తారన్న సంగతి క్లయింట్‌కి చెప్పడం లాయర్ బాధ్యత అని తేల్చింది. ట్రక్ స్టాపుల్లో మా పంజాబీ డ్రైవర్లకి చట్టం తెలీకపోయినా ఈ పేరు మాత్రం తెలుసు. కాబట్టి సీను తమ్ముడూ, ఒక్క క్రిమినల్ లాయర్ చాలదు, పక్కన ఇమిగ్రేషన్ లాయర్ కూడా ఉండాల్సిందే, ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి.

ఫ్రిస్కో_ఫణి
ట్రక్ అన్న సూపర్. మా టెక్సస్ సంగతి చెప్తా, ఇక్కడ ఫోన్ చట్టం చూస్తే నవ్వొస్తది. 2017 సెప్టెంబర్ 1 నుంచి మెసేజ్ చదవడం, రాయడం, పంపడం బంద్, 25 నుంచి 99 డాలర్లు. చేత్తో పట్టుకుని మాట్లాడితే రాష్ట్రం ఏమనదు, ఆస్టిన్ లాంటి ఊళ్ళల్ల మాత్రం సిటీ రూల్ వేరే ఉంది. అదే డ్రగ్స్ దగ్గరికి వస్తే జోకుల్లేవ్. వేప్ కాట్రిడ్జ్ అంటరు చూడు, పెన్నులెక్క ఉంటది, అందులో టీహెచ్‌సీ (గంజాయిల మత్తునిచ్చే పదార్థం) నూనె ఉంటే అది గంజాయి లెక్క కాదు, వేరే గ్రూపు. ఒక గ్రాము లోపు ఉన్నా ఫెలనీ. గమ్మీలు, బ్రౌనీలు అయితే ఇంకా ఘోరం, అందులో ఉన్న మందు తూయరు, చక్కెర పిండి వెన్న అన్నీ కలిపి మొత్తం తూస్తరు. మా పక్క అపార్ట్‌మెంట్ల పిల్లగాడు డబ్బా గమ్మీలతోని దొరికిండు, ఆకు అయితే ఫైన్‌తోని పోయేదేమో, మిఠాయి కాబట్టి సెకండ్ డిగ్రీ ఫెలనీ అన్నరు.

విశాఖ_వకీలు (విశాఖపట్నం)
ఇక్కడ సెషన్స్ కోర్టులో ఎన్‌డీపీఎస్ (మన మత్తుమందుల చట్టం) కేసులు చూస్తుంటాను, అందుకని ఈ ఫణి గారి మాట చదివి నవ్వొచ్చింది. అమెరికాలోనూ అదే గొడవ అన్నమాట. మనకీ 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు అలాగే చెప్పింది, మత్తుమందులో కలిపిన పొడి బరువు కూడా లెక్కే అని. మన దగ్గర గంజాయి కిలో దాకా చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే కమర్షియల్. కమర్షియల్ అయితే పదేళ్ళ నుంచి ఇరవై ఏళ్ళు, లక్ష నుంచి రెండు లక్షల జరిమానా, 37వ సెక్షన్ అడ్డం కాబట్టి బెయిల్ రావడం గగనం. అయితే మన చట్టంలో గంజాయి అంటే పూత భాగమే, విడిగా ఆకు, గింజ లెక్కలోకి రావు. అందుకే ఇక్కడ మా వాదనంతా పంచనామాలో బస్తాని ఎలా తూశారు, ఆకు కాడ వేరుచేశారా, శాంపిల్ ఎవరి ముందు తీశారు అనే దాని మీదే నడుస్తుంది. పాడేరు వైపు నుంచి వచ్చే కార్లలో డ్రైవర్‌గా కిరాయికి వెళ్ళి ఇరుక్కున్న కుర్రాళ్ళని చూస్తే మీ తమ్ముడే గుర్తొస్తాడు, వాడికి ముట్టేది రెండు వేలో మూడు వేలో, పడే శిక్ష పదేళ్ళు.

ఎడిసన్_ఏడుకొండలు
వకీలు గారూ మన దగ్గర డ్రైవింగ్‌లో ఫోన్‌కి ఏముంది అసలు? హైదరాబాద్‌లో బైక్ మీద హెల్మెట్‌లో ఫోన్ దూర్చుకుని మాట్లాడే వాళ్ళని చూసి మా పిల్లలు ఫోటోలు తీశారు

విశాఖ_వకీలు
చట్టంలో గట్టిగానే ఉంది సార్. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184 కింద చేతిలో ఫోన్ పట్టుకుని నడపడం ప్రమాదకర డ్రైవింగే, మొదటిసారి వెయ్యి నుంచి అయిదు వేలు, జైలు కూడా వేయొచ్చు. చట్టం ఉందా అంటే ఉంది. హెల్మెట్‌లో ఫోన్ ఉందా అంటే అదీ ఉంది.

ఫ్రీమాంట్_ఫ్యాన్ (కాలిఫోర్నియా)
కాలిఫోర్నియా కూడా వేసుకోండి. మావాళ్ళంతా "మ్యాప్ చూస్తే పర్లేదు, మాట్లాడితేనే తప్పు" అనుకునేవాళ్ళు, నేనూ అనుకున్నా. ఒకాయన అచ్చం మ్యాప్ చూస్తూ దొరికి, నేను మాట్లాడలేదు మెసేజ్ చేయలేదు అని అప్పీల్‌కి వెళ్ళాడు, ఒక దశలో గెలిచాడు కూడా, చివరికి 2025 జూన్‌లో అప్పీల్ కోర్టు చేత్తో పట్టుకుని మ్యాప్ చూసినా వాడినట్టే అని తేల్చేసింది. స్టాండ్‌లో పెట్టి ఒక్క వేలితో ఒక్కసారి తాకడం వరకే. పేపర్ మీద ఫైన్ 20 డాలర్లు, అన్ని ఫీజులూ కలిపాక 150 దాటుద్ది, మా రాష్ట్రంలో పార్కింగ్ టికెట్టే ఇంటి ఈఎంఐ లాగా ఉంటుంది లెండి.

నేపర్‌విల్_నాని
ఒక తేడా గమనించారా, న్యూజెర్సీలో మొదటి టికెట్టే 200 నుంచి 400, జార్జియాలో 50, మోంటానాలో అయితే రాష్ట్రం మొత్తానికి టెక్స్టింగ్ మీద చట్టమే లేదు. పెన్సిల్వేనియాలో 2025 జూన్‌లో మొదలైంది, పాల్ మిల్లర్స్ లా అని, 2010లో ఫోన్ కోసం చెయ్యి చాపిన ట్రక్ డ్రైవర్ గుద్ది చనిపోయిన కుర్రాడి పేరు మీద. వాళ్ళమ్మ పదేళ్ళకు పైగా తిరిగి సాధించుకుంది. మొదటి ఏడాది వార్నింగే, ఆ తర్వాత 50 డాలర్లు. ఒక్క ఏడాది 2023లోనే దేశం మొత్తం మీద ఇట్లా ధ్యాస మళ్ళిన డ్రైవింగ్ వల్ల 3,275 మంది పోయారు, ఫైన్ ఏమో ఒక ఫ్యామిలీ బిర్యానీ ఖరీదు.

కొలంబస్_కీర్తి
మళ్ళీ కేసుకి వద్దాం. లక్ష్మి గారూ, ఫోన్ కోసం ఆపి బ్యాగ్ వెతకొచ్చా? సాకు పెట్టుకుని ఆపినట్టు కాదా ఇది?

లా_ఆఫీసు_లక్ష్మి
సాకైనా పర్లేదు అన్నారు, అదే బాధ. 1996లో వ్రెన్ కేసు, నిజంగా ట్రాఫిక్ తప్పు జరిగి ఉంటే పోలీసు మనసులో ఇంకేం ఉన్నా ఆపడం చెల్లుతుంది అని. అందుకే చేతిలో ఫోన్ అనేది పోలీసుకి తలుపు తీసి ఇచ్చినట్టు. కానీ 2015లో రాడ్రిగెజ్ కేసు ఉంది, నెబ్రాస్కాలో ఒకతన్ని రోడ్డు అంచు మీదకి వెళ్ళాడని ఆపి, వార్నింగ్ కాగితం ఇచ్చేశాక కూడా ఇంకో ఏడెనిమిది నిమిషాలు నిలబెట్టి కుక్కతో వాసన చూపించారు. టికెట్ పని అయిపోయాక, ఇంకో అనుమానానికి కారణం లేకుండా నిలబెట్టకూడదు అంది కోర్టు. కాబట్టి మీ లాయర్ మొదట అడగాల్సింది బాడీ క్యామ్, అంటే పోలీసు ఒంటి మీదుండే కెమెరా వీడియో. ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి ఆపాడు, టికెట్ ఎప్పుడు రాశాడు, వాసన అన్నమాట ఎప్పుడు వచ్చింది, వెతకమంటారా అని అడిగాడా, వీళ్ళు సరే అన్నారా. సరే అనేస్తే మాత్రం చాలా వాదనలు అక్కడే పోతాయి. కుదరదు ఆఫీసర్ అనొచ్చు, అది నేరం కాదు. చేత్తో అడ్డుపడకూడదు అంతే.

వాసన మీద కూడా రాష్ట్రానికో మాట. ఇల్లినాయ్‌లో గంజాయి లీగల్ కాబట్టి కాల్చిన వాసన ఒక్కటే ఉంటే కారు వెతకడానికి చాలదు అని 2024 సెప్టెంబర్‌లో వాళ్ళ సుప్రీంకోర్టు అంది, డిసెంబర్‌లో అదే కోర్టు పచ్చి గంజాయి వాసన అయితే చాలు అంది. పోలీసు ముక్కుకి ఏది కాల్చినదో ఏది పచ్చిదో తెలుస్తుందంట.

నేపర్‌విల్_నాని
మా అమ్మకి గోంగూర చింతచిగురు తేడా వాసనతోనే తెలుస్తుంది, పోలీసులో చేర్పిస్తా 😂

వియ్యపు_వెంకట్రావు
సరే నేను కోపంలో ఏదో అన్నాను. వీసా సంగతి ఎవరైనా చెప్పండి, మా మనవడు కూడా వచ్చే ఆగస్టులో వస్తున్నాడు.

హెచ్1_హనుమంతు (నార్త్ కరోలినా)
వీసా గురించి నేను రాస్తా, మా రూమ్మేట్‌కి 2016లో జరిగింది కాబట్టి చాలా చదివా. రాష్ట్రం చట్టంలో చిన్న కేసు అయినా ఫెడరల్ ఇమిగ్రేషన్ చట్టం కళ్ళద్దాలు వేరు. డ్రగ్ కేసులో దోషి అయితే డిపోర్ట్ చేయొచ్చు, ఒకే ఒక్క మినహాయింపు, సొంతానికి 30 గ్రాములు లేదా అంతకన్నా తక్కువ గంజాయి, అదీ ఒక్కసారికి. ఇందులో "సొంతానికి" అన్న మాట మీద గీత గీసుకోండి. ఇంటెంట్ టు డిస్ట్రిబ్యూట్ మీద ఒప్పుకుంటే ఆ మినహాయింపు పోయింది. ఇంకోటి, ట్రాఫికింగ్ చేస్తున్నాడని నమ్మడానికి కారణం ఉంటే చాలు, శిక్ష పడకపోయినా వీసా ఆపొచ్చు, దేశంలోకి రానివ్వకపోవచ్చు.

మీ కేసుకి దగ్గర కేసు చెప్తా, అదీ జార్జియాదే. మాంక్రీఫ్ అని జమైకా అతను, చిన్నప్పుడే వచ్చాడు. 2007లో ట్రాఫిక్ స్టాప్‌లో 1.3 గ్రాములు దొరికింది, అంటే రెండు మూడు సిగరెట్లకి సరిపడా. ఇంటెంట్ టు డిస్ట్రిబ్యూట్ అని ఒప్పుకున్నాడు, ఫస్ట్ అఫెండర్ (మొదటిసారి తప్పు చేసినవాళ్ళకిచ్చే అవకాశం) కింద జైలు లేకుండా ప్రొబేషన్, అంటే కోర్టు నిఘా ఇచ్చారు, పూర్తి చేస్తే రికార్డు ఉండదు అన్నారు. ఇమిగ్రేషన్ వాళ్ళు దాన్ని డ్రగ్ ట్రాఫికింగ్, అగ్రవేటెడ్ ఫెలనీ (ఇమిగ్రేషన్ చట్టంలో తీవ్రమైన నేరాల జాబితా) అని పంపించేయబోయారు. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు 7-2తో అది అగ్రవేటెడ్ ఫెలనీ కాదు అంది. అంతదాకా వెళ్ళి గెలిచినా, ఆ ఒక్క ముద్ర మాత్రమే పోయింది, డిపోర్ట్ చేయడానికి ఆ నేరం పనికొస్తూనే ఉంటుంది.

లా_ఆఫీసు_లక్ష్మి
హనుమంతు గారు చాలా ముఖ్యమైనది చెప్పారు. జార్జియా ఫస్ట్ అఫెండర్ అనేది సిటిజన్ పిల్లలకి వరం, మనవాళ్ళకి ఉచ్చు. కోర్టులో గిల్టీ అని ఒప్పుకుని ప్రొబేషన్ తీసుకుంటే రాష్ట్రం రికార్డులో శిక్ష లేనట్టే ఉండొచ్చు, ఇమిగ్రేషన్ లెక్కలో అది కన్విక్షనే. తప్పు ఒప్పుకోకుండా, విచారణకి ముందే కేసు ముగించే ప్రీట్రయల్ డైవర్షన్ ఉంటే అది అడగాలి. ప్లీ (తప్పు ఒప్పుకునే) కాగితం మీద సంతకం పెట్టే ముందు ఒక్క రోజు ఆగండి, ఆ ఒక్క రోజు కోసం ఇమిగ్రేషన్ లాయర్‌కి ఎంత అడిగినా ఇచ్చేయండి.

మమ్మీ_ఆఫ్_టూ (వర్జీనియా)
ఇది కాస్త పక్క ప్రశ్న, తిట్టకండి. మా అత్తయ్య వచ్చినప్పుడల్లా దగ్గు మందు, నిద్ర మాత్రలు, ఒళ్ళునొప్పుల మాత్రలు తెస్తారు, కారులో డబ్బాలో పడి ఉంటాయి. ఇది కూడా కేసు అవుతుందా? గసగసాలు కూడా పట్టుకుంటారని ఎవరో అన్నారు.

హైవే_హరి
గసగసాలు దుబాయ్, సౌదీలో గొడవ చెల్లెమ్మా, ఇక్కడ బేగెల్ మీద చల్లుకుని తింటారు. కానీ ట్రమడాల్, అల్ప్రజోలం, కోడీన్ ఉన్న దగ్గు మందు ఇక్కడ కంట్రోల్డ్ లిస్టులో ఉన్నాయి. వేరేవాళ్ళ పేరు మీద ఉన్న మాత్రలు, డబ్బా లేకుండా కవర్లో ఉన్నవి కారులో పెట్టుకోవద్దు. ఫ్లోరిడాలో ఆక్సికోడోన్ అనే నొప్పి మాత్రలు 7 గ్రాములు ఉంటే ట్రాఫికింగ్, కనీసం మూడేళ్ళు, మాత్ర మొత్తం బరువు తూస్తారు, గుప్పెడు మాత్రలకే 7 గ్రాములు అయిపోద్ది. ఫెంటానిల్ అయితే 4 గ్రాములకే ఏడేళ్ళు.

ఫ్రిస్కో_ఫణి
ఆడరాల్ అనే ఏకాగ్రత మాత్ర కూడా అంతే అక్కా. పరీక్షలప్పుడు ఒకరి మాత్ర ఒకరు అడుక్కుంటరు కదా స్టూడెంట్స్. ట్యునీషియా ఆయన ఒకరు కాన్సాస్‌ల సాక్స్‌లో నాలుగు ఆడరాల్ మాత్రలతోని దొరికి డిపోర్ట్ అయిండు, కోర్టులల్ల కొట్లాడితే 2015ల సుప్రీంకోర్టు ఆయన దిక్కు తీర్పిచ్చింది. నాలుగు మాత్రలకి ఇంత కథ.

సువానీ_సీను
ఇవన్నీ చదివి నాకే నిద్ర పట్టట్లేదు. యూనివర్సిటీకి చెప్పాలా వద్దా? 2025 ఏప్రిల్‌లో ట్రాఫిక్ టికెట్ ఉన్నోళ్ళవి కూడా సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ లిస్టు) రికార్డులు తీసేశారు కదా, అది గుర్తొచ్చి వాడు గజగజ వణుకుతున్నాడు.

హెచ్1_హనుమంతు
అప్పుడు చాలామంది కోర్టుకి వెళ్ళారు, నెలాఖరుకల్లా రికార్డులు వెనక్కి పెట్టారు. ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగాకే యూనివర్సిటీ ఆఫీసులో నోరు విప్పమను. ఇండియా ట్రిప్ మాత్రం బుక్ చేయొద్దు, కేసు తేలేదాకా బయటికి వెళ్తే మళ్ళీ లోపలికి రావడమే పెద్ద పరీక్ష.

సువానీ_సీను
(మూడు వారాల తర్వాత) అప్‌డేట్ ఇస్తానన్నా కదా. ఇద్దరు లాయర్లని పెట్టాం, అప్పు చేసే అనుకోండి. బ్యాగ్ ట్యాగ్ మీద ఫ్రెండ్ పేరు ఉంది, ఫోటో దొరికింది. ఆ ఫ్రెండ్ వాళ్ళ లాయర్ ద్వారా బ్యాగ్ వాడిదే అని ఒప్పుకున్నాడు, ఇంత జరిగినా వాడి మీద కోపం ఆ రోజుతో సగం పోయింది. మావాడి మీద కేసు తీసేసే మాట నడుస్తోంది కానీ ఇంకా కాగితం రాలేదు. ప్రాసిక్యూటర్ మధ్యలో ఫస్ట్ అఫెండర్ ఇస్తాం సంతకం పెట్టు అన్నాడంట, మావాడు సరే అనబోయాడు, లక్ష్మి గారి పోస్ట్ ఫోన్‌లో చూపించా. ఇమిగ్రేషన్ లాయర్ కూడా వద్దంటే వద్దన్నారు. బాడీ క్యామ్ కోసం అడిగాం, హియరింగ్ వచ్చే నెలకి పోయింది. ఫ్రెండ్ పరిస్థితి మాత్రం బాలేదు, వాళ్ళ నాన్న గుంటూరు నుంచి నాకు ఫోన్ చేసి ఏడ్చారు, ఏం చెప్పాలో తెలీక వింటూ కూర్చున్నా.

లా_ఆఫీసు_లక్ష్మి
కాగితం చేతికి వచ్చేదాకా పిన్ని గారికి "అయిపోయింది" అని చెప్పకండి. ఆ అబ్బాయికి కూడా ఇమిగ్రేషన్ లాయర్ ఉన్నారా? లేకపోతే నాకు మెసేజ్ పెట్టండి.

కమ్మింగ్_కాకా
ఇంతకీ ఫోన్ టికెట్ ఏమైంది?

సువానీ_సీను
అదొక్కటే తేలింది కాకా. విడిగా డేట్ వచ్చింది, స్టాండ్ కొన్న రశీదు పట్టుకెళ్ళాం, జడ్జి చూసి రెండు నిమిషాల్లో కొట్టేశారు. స్టాండ్ 18 డాలర్లు.

ఎడిసన్_ఏడుకొండలు
ఏ స్టాండ్ బ్రో, నాది ఎండకి ఊడి పడిపోతోంది

సువానీ_సీను
ఏసీ వెంట్‌కి తగిలించేది తీసుకో, అద్దానికి అంటించేది వద్దు, ఇక్కడ ఎండకి అదీ నిలవదు.